వేడికి లొంగని ఉక్కు: వాచీకి కాలం నేర్పిన గియోమ్

భిలాయి పేరు వినగానే రైలు పట్టాలు గుర్తొస్తాయి. భారతీయ రైల్వేకు దశాబ్దాలుగా పట్టాలు పోసి ఇస్తున్న ఊరు అది. అక్కడి కర్మాగారం నుంచి 260 మీటర్ల పొడవున్న పట్టాలు కూడా బయటికి వెళుతుంటాయి. శీతాకాలపు తెల్లవారుజామున చల్లబడ్డ పట్టా, మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన పట్టా ఒకే పొడవు ఉండవు. 40 డిగ్రీల తేడా వస్తే, కట్టడి లేకుండా వదిలేసిన 260 మీటర్ల పట్టా పన్నెండున్నర సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అంటే దాదాపు బెత్తెడున్నర. పట్టాలు వేసే ఇంజనీర్లు ఆ బెత్తెడున్నరతోనే జీవితాంతం కుస్తీ పడతారు.

ఆ పట్టాలు పోసే కార్మికుడి మణికట్టు మీద కూడా ఉక్కు ఉండేది. కీ ఇచ్చే వాచీలో తలవెంట్రుకకన్నా పలుచని ఉక్కు రేకు చుట్ట ఒకటి ఉంటుంది. దాన్నే హెయిర్ స్ప్రింగు అంటారు. వేడి దాన్నీ వదలదు. మామూలు ఉక్కుతో హెయిర్ స్ప్రింగు, ఇత్తడితో చక్రం చేసిన వాచీ, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. పాతిక డిగ్రీలు పెరిగితే నాలుగున్నర నిమిషాలు. వారం తిరిగేసరికి అరగంట. అలాంటి వాచీని నమ్ముకుని షిఫ్టుకు బయలుదేరినవాడు గేటు దగ్గర ఆలస్యపు లెక్కలో పడతాడు.

అయినా భిలాయిలో కార్మికుల వాచీలు అలా తప్పలేదు. దానికి కారణం, భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలగడానికి 21 ఏళ్ల ముందే కన్నుమూసిన ఒక స్విస్ శాస్త్రవేత్త. పేరు షార్ల్ ఎదువార్ గియోమ్. 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనదే. ఆయనకు ముందు ఏడాది బహుమతి యోహానెస్ స్టార్క్‌ది, తర్వాతి ఏడాదిది ఐన్‌స్టీన్‌ది. ఆ ఇద్దరి మధ్య గియోమ్ పేరు చదివినవాళ్లు చాలామంది ఈయనెవరని అడుగుతారు. ఉక్కులో నికెల్ కలిపితే ఏమవుతుందో కొలిచిన మనిషి అన్నది చిన్న జవాబు. పెద్ద జవాబు కావాలంటే వాచీ వెనక మూత తెరవాలి.

మూత తెరిస్తే

వాచీ ఓవర్‌హాలింగ్ అంటే రిపేరు షాపులో జరిగే పని చూడటానికి సాదాగా ఉంటుంది. కంటికి భూతద్దం తగిలించుకుని, వెనక మూత తీసి, ముందుగా మెయిన్ స్ప్రింగులో బిగిసి ఉన్న బలాన్ని మెల్లగా వదిలేస్తారు. ఆ బలం ఉండగా పళ్లచక్రాలు కదిలిస్తే పళ్లు విరుగుతాయి. తర్వాత బ్యాలెన్స్ వీల్, దానికి అంటుకుని ఉన్న హెయిర్ స్ప్రింగు, ప్యాలెట్ ఫోర్కు, వరసగా పళ్లచక్రాలు, చివరికి మెయిన్ స్ప్రింగు ఉండే డబ్బా బయటికి వస్తాయి. ఎండిపోయి జిగురుగా మారిన పాత నూనెను కడిగి, ఆరబెట్టి, కెంపు రాళ్ల గుంటల్లో సూదిమొనతో కొత్త నూనె చుక్క పెడతారు. చుక్క ఎక్కువైతే పారి పక్క భాగాలకు అంటుకుంటుంది. తక్కువైతే ఇరుసు అరుగుతుంది. హెయిర్ స్ప్రింగుకు మాత్రం నూనె తగలనే కూడదు. రెండు చుట్లు అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైపోయినట్టే. వాచీ గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరుగెడుతుంది.

మళ్లీ కూర్చిన తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. సాధారణంగా ఆ తరం వాచీల్లో బ్యాలెన్స్ వీల్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000 సార్లు. రోజు మొత్తంలో ఒక్క సెకను తేడా అంటే 86,400లో ఒక వంతు. అంత సన్నని లెక్కను నిలబెట్టేవి రెండే. ఒకటి చక్రం బరువు, రెండు స్ప్రింగు బిగువు. ఈ రెండింటిలో ఏది మారినా కాలం మారిపోతుంది.

వేడెక్కితే స్ప్రింగు కొంచెం పొడవెక్కుతుంది, చక్రం కొంచెం పెద్దదవుతుంది. అవి చిన్న తప్పులు. పెద్ద తప్పు ఎక్కడ వస్తుందంటే, వేడికి ఉక్కు బిగువే తగ్గుతుంది. మెత్తబడ్డ స్ప్రింగు చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి లాగుతుంది. వాచీ వెనకబడుతుంది. రిపేరు చేసేవాడు ఎంత శుభ్రంగా కడిగినా, ఎంత కొలిచి నూనె వేసినా ఈ తప్పు పోదు. ఇది మురికి వల్ల వచ్చింది కాదు, లోహం స్వభావం.

గియోమ్ పుట్టేనాటికి దీనికి మందు ఒకటి ఉండేది. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో థామస్ ఎర్న్‌షా లాంటి గడియార నిపుణులు చక్రం అంచును రెండు లోహాలతో చేయడం స్థిరపరిచారు. లోపలివైపు ఉక్కు, బయటివైపు ఇత్తడి. అంచును రెండుచోట్ల తెగ్గోసి వదిలేవారు. వేడెక్కితే ఇత్తడి ఎక్కువ సాగి అంచును లోపలికి వంచుతుంది. చక్రం చిన్నదైనట్టయి వేగం పెరుగుతుంది. స్ప్రింగు మెత్తబడి పోగొట్టిన వేగం అలా తిరిగొస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ అంచు చుట్టూ ఉన్న చిన్న చిన్న మరలను ఒక్కొక్కటీ జరుపుతూ, వాచీని ఒకసారి చలిలో, ఒకసారి వేడిలో పెట్టి చూస్తూ, రోజుల తరబడి సరిచేయాలి. అంత చేసినా మధ్య ఉష్ణోగ్రతల్లో రోజుకు రెండు సెకన్ల తప్పు మిగిలిపోయేది. ఇలా సరిచేసిన వాచీ ఓడ కెప్టెనుకు, ధనవంతుడికి అందేది. కూలివాడికి అందేది కాదు.

గడియారాల ఇంట్లో పుట్టి

గియోమ్ 1861 ఫిబ్రవరి 15న స్విట్జర్లాండులోని ఫ్లరియే అనే ఊళ్లో పుట్టాడు. నషాతెల్ ప్రాంతంలో, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న లోయ అది. చలికాలంలో మంచు కురిస్తే పొలం పని ఆగిపోతుంది. ఆ లోయల్లో ఇల్లిల్లూ గడియారాల పని చేసేది. గియోమ్ తాత ఫ్రెంచి విప్లవకాలంలో దేశం వదిలి లండన్‌లో గడియారాల వ్యాపారం పెట్టాడు. దాన్ని కొడుకులు కొనసాగించారు. వాళ్లలో ఒకడైన గియోమ్ తండ్రి తిరిగి ఫ్లరియే వచ్చి గడియారాల వృత్తిలోనే స్థిరపడ్డాడు. ఆ ఇంట్లో పిల్లవాడికి వాచీ లోపలి భాగాల పేర్లు అక్షరాలతోపాటే వచ్చి ఉంటాయి.

కొడుకు మాత్రం తండ్రి బల్ల దగ్గర కూర్చోలేదు. 17 ఏళ్లకే జూరిచ్ పాలిటెక్నిక్‌లో చేరి, భౌతికశాస్త్రంలో డాక్టరేటు అందుకున్నాడు. కొంతకాలం సైన్యంలో ఫిరంగి దళం అధికారిగా చేశాడు. 1883లో, 22 ఏళ్ల వయసులో, పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థలో సహాయకుడిగా చేరాడు. తర్వాత 53 ఏళ్లపాటు ఆయన ఉద్యోగం అక్కడే.

ఆ సంస్థ 1875 నాటి మీటరు ఒప్పందంతో పుట్టింది. ప్రపంచం మొత్తానికి మీటరు అంటే ఇంత, కిలోగ్రాము అంటే ఇంత అని చెప్పే లోహపు నమూనాలను భద్రపరచడం, వాటితో పోల్చి ఒక్కో దేశానికి నకళ్లు ఇవ్వడం దాని పని. మీటరు నమూనాను ప్లాటినంలో పదో వంతు ఇరిడియం కలిపి చేశారు. అదీ వేడికి సాగుతుంది. ఒక్క డిగ్రీకి మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన ఎనిమిది, తొమ్మిది వంతులు. మీటరును మైక్రానులో పదో వంతు దాకా కొలవాలంటే ముందు ఉష్ణోగ్రతను డిగ్రీలో నూరో వంతు దాకా తెలుసుకోవాలి. అందుకే గియోమ్‌కు అప్పగించిన మొదటి పని థర్మామీటర్లను సరిచూడటం. ఆ అనుభవంతో 1889లో ఆయన థర్మామీటర్ల మీద రాసిన గ్రంథం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

ఆ వయసులో చాలామంది శాస్త్రవేత్తలు కొత్త కిరణాల వెంట, కొత్త మూలకాల వెంట పడుతున్నారు. 1895లో ఎక్స్ కిరణాలు, 1896లో రేడియోధార్మికత బయటపడ్డాయి. గియోమ్ అదే రోజుల్లో పాదరసం గొట్టాలను, లోహపు కడ్డీలను పక్కపక్కన పెట్టి పోలుస్తూ కూర్చున్నాడు. బయటివాళ్లకు అది గుమాస్తా పనిలా కనిపించేది.

తేడాగా కనిపించిన కడ్డీ

అప్పటికి సంస్థకు ఒక చిక్కు ఉంది. ప్లాటినం ఇరిడియం చాలా ఖరీదు. ప్రతి ప్రయోగశాలకూ, ప్రతి సర్వే శాఖకూ ఆ లోహంతో కొలబద్ద చేసివ్వడం కుదిరే పని కాదు. చవకగా, తుప్పు పట్టకుండా, కాలంతో మారకుండా ఉండే లోహం కావాలి. గియోమ్ ముందు శుద్ధమైన నికెల్‌ను పరీక్షించాడు. కొలబద్దకు పనికొస్తుందని తేల్చాడు. కానీ భూమి సర్వేకు కావలసిన నాలుగు మీటర్ల కడ్డీని పగుళ్లు లేకుండా పోయడం కుదరలేదు.

1895లో సంస్థ డైరెక్టరు బెన్వా ఒక నికెల్ ఉక్కు నమూనాను పరీక్షించినప్పుడు, అది ఉక్కులా కాక ఇత్తడిలా సాగుతున్నట్టు తేలింది. మరుసటి ఏడాది 30 శాతం నికెల్ ఉన్న మరో కడ్డీ గియోమ్ చేతికి వచ్చింది. ఇది దానికి పూర్తిగా తిరగబడింది. ప్లాటినంకన్నా మూడో వంతు తక్కువగా సాగింది. ఇనుముకూ నికెల్‌కూ విడివిడిగా ఉన్న లెక్క ప్రకారం ఇలా జరగడానికి వీల్లేదు. రెండు లోహాలు కలిస్తే సాగుడు ఆ రెండింటి మధ్యలో ఉండాలి. ఇక్కడ రెండింటికీ బాగా కింద ఉంది.

మరొకరైతే కొలత తప్పిందనుకుని పక్కన పెట్టి ఉండేవారేమో. గియోమ్‌కు ఆ అనుమానం పెట్టుకోవాల్సిన అవసరం లేదు. 13 ఏళ్లుగా కొలతల్లో తప్పులు ఎక్కడెక్కడ దాక్కుంటాయో వెతకడమే ఆయన పని. తప్పు కొలతలో లేదని నిశ్చయమయ్యాక, తేడా లోహంలోనే ఉందని ఒప్పుకోక తప్పదు. గుమాస్తా పనిగా కనిపించిన ఆ పదమూడేళ్ల విలువ అది.

ఇక కావలసింది రకరకాల పాళ్లలో నికెల్ కలిపిన ఉక్కు. సెవ్ర్‌లో కొలిమి లేదు. ఫ్రాన్స్ మధ్యభాగంలో లువార్ నది ఒడ్డున ఇంఫీ అనే ఉక్కు ఊరు ఉంది. అక్కడి కర్మాగారాన్ని నడిపే సంస్థకు అధిపతి ఆన్రీ ఫయోల్. మేనేజ్‌మెంటు చదివిన ప్రతి విద్యార్థీ పద్నాలుగు సూత్రాల రచయితగా ఎరిగిన ఫయోల్ ఆయనే. ఆయన కర్మాగారం గియోమ్ అడిగిన పాళ్లలో మిశ్రమాలను పోసి పంపింది. సెవ్ర్‌లో కొలిచేవారు, ఇంఫీలో కరిగించేవారు. నికెల్ పాలు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే 36 శాతం దగ్గర సాగుడు అట్టడుగుకు చేరింది. మామూలు ఉక్కులో అది పదో వంతు. భిలాయిలో బెత్తెడున్నర సాగే 260 మీటర్ల పట్టాను ఈ లోహంతో చేస్తే, అదే ఎండలో వేలి వెడల్పు కూడా సాగదు.

మార్పు లేనిదన్న అర్థంలో దానికి ఇన్వార్ అని పేరు పడింది. ఆ పేరు సూచించింది జెనీవా ప్రొఫెసర్ ఒకరు.

వెతికింది ఒకటి, దొరికింది ఒకటి

ఇన్వార్ వెంటనే పనిలోకి దిగింది. 1802లో మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ భారతదేశ సర్వేకు ఆధారరేఖ కొలిచినప్పుడు, ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, గుడారాల నీడలో ఉంచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడి తగ్గింపు లెక్కలు వేసుకుంటూ ముందుకు కదలాల్సి వచ్చింది. వందేళ్ల తర్వాత సర్వేవాళ్ల చేతికి 24 మీటర్ల ఇన్వార్ తీగలు వచ్చాయి. గుడారాలు, పెట్టెలు, పెద్ద బలగం అవసరం లేకుండాపోయింది. 1906లో ఆల్ప్స్ పర్వతాల కింద దాదాపు 20 కిలోమీటర్ల సింప్లాన్ రైలు సొరంగాన్ని అలాంటి తీగలతో కొద్ది రోజుల్లోనే కొలిచేశారు. ఐఫెల్ టవరు ఎండకు ఎంత ఎత్తు పెరుగుతుందో, చలికి ఎంత తగ్గుతుందో కూడా గియోమ్ ఇన్వార్ తీగతో చూపించాడు. నికెల్ పాలు వేరే చేసిన మరో ఉక్కు గాజుతో సమానంగా సాగేది. విద్యుత్ బల్బుల్లో గాజును చీల్చుకుని లోపలికి వెళ్లే ప్లాటినం తీగకు బదులుగా ఆ రకం ఉక్కు వచ్చింది. బల్బు చవకైంది.

అయితే ఇన్వార్ ఒక్కచోట మాత్రం ఓడిపోయింది. ఏ పనికోసం గియోమ్ చవక లోహాన్ని వెతికాడో ఆ పనికే అది పనికిరాలేదు. ఇన్వార్ వేడికి సాగకపోయినా, ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తనే మెల్లమెల్లగా పెరుగుతుంది. మైక్రాన్లలోనే కావచ్చు. కానీ మీటరు అసలు నమూనాకు అది చాలా ఎక్కువ. ఆ లోపాన్ని కనిపెట్టింది కూడా గియోమే. తన పేరు నిలబెట్టిన కడ్డీలను దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ కొలుస్తూ, అవి ఎంత పెరిగాయో పట్టికలు వేసి ప్రచురించాడు.

వాచీలోకి వచ్చిన దారి

గోడ గడియారాలకు ఇన్వార్ నేరుగా పనికొచ్చింది. పెండ్యులం కడ్డీ పొడవు మారకపోతే చాలు. మ్యూనిక్‌లో జీగ్మండ్ రీఫ్లర్ ఇన్వార్ పెండ్యులంతో చేసిన గడియారాలు కొద్దికాలంలోనే నక్షత్రశాలలకు చేరాయి. వాచీ సంగతి వేరు. అక్కడ కావలసింది పొడవు మారకపోవడం కాదు, బిగువు మారకపోవడం.

ఈ తలుపు తెరిచింది గియోమ్ ఒక్కడే కాదు. స్విట్జర్లాండులోని లా షో ద ఫాన్‌కు చెందిన గడియార నిపుణుడు పాల్ పెర్రే నికెల్ ఉక్కుతో హెయిర్ స్ప్రింగు చేసి వాచీలో పెట్టి చూశాడు. వేడిలో ఉక్కు స్ప్రింగు వాచీ వెనకబడాలి. ఇది ముందుకు పోయింది. అంటే ఈ లోహం వేడికి మెత్తబడటానికి బదులు బిగుస్తోంది. కొలతలశాల బల్ల మీద సాగుడులో కనిపించిన విడ్డూరం, పనివాడి బల్ల మీద బిగువులో కనిపించింది. పెర్రే, గియోమ్ కలిసి ఆ దారిలో నడిచారు. గియోమ్ కథ చెప్పేటప్పుడు పెర్రే పేరు తరచూ జారిపోతుంది. జారకూడని పేరు అది.

ఉక్కు మెత్తబడుతుంది, 36 శాతం నికెల్ మిశ్రమం బిగుస్తుంది. అలాంటప్పుడు ఆ రెండింటి మధ్యలో ఎక్కడో మెత్తబడనిదీ బిగుసుకోనిదీ ఒక పాలు ఉండాలి. లెక్క ప్రకారం ఉంది. కానీ అది కత్తి అంచు లాంటి చోటు. నికెల్ పాలు పిసరంత అటూ ఇటూ అయితే గుణం మొత్తం మారిపోతుంది. కొలిమిలో టన్నుల లెక్కన కరిగించే లోహంలో అంత ఖచ్చితం ఎవరి వల్లా కాదు.

గియోమ్ ముందు చుట్టుదారి పట్టాడు. 1899 నాటికి చక్రం అంచులో ఉక్కుకు బదులు 42 శాతానికి పైగా నికెల్ ఉన్న ఉక్కును వాడి, శతాబ్దంగా మిగిలిపోయిన ఆ రెండు సెకన్ల తప్పును దాదాపు తుడిచేశాడు. గియోమ్ చక్రం అని పేరు పడ్డ ఆ భాగం నషాతెల్, జెనీవా నక్షత్రశాలల పోటీల్లో గెలిచే వాచీలకు ప్రాణమైంది. కానీ అది కూడా తెగ్గోసిన అంచు, మరలు, నిపుణుడి వేళ్లు కోరేదే. పోటీ వాచీలు మెరుగయ్యాయి తప్ప మామూలు మనిషి వాచీ మారలేదు.

అసలు జవాబు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. నికెల్ ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం కలిపితే ఆ కత్తి అంచు చదునైంది. పాళ్లలో చిన్న తేడాలు వచ్చినా బిగువు వేడికి ఇంచుమించు మారకుండా నిలబడే లోహం దొరికింది. సాగే గుణం మారనిదన్న అర్థంలో గియోమ్ దాన్ని ఎలిన్వార్ అన్నాడు. ఎలిన్వార్ స్ప్రింగు పెడితే చక్రం ఒక్క లోహంతోనే, అంచు కోయకుండా చేయొచ్చు. డిగ్రీకి 11 సెకన్ల తప్పు సెకనులో భిన్నానికి దిగివచ్చింది. చలిలో, వేడిలో పెట్టి మరలు జరిపే పని లేకుండాపోయింది.

తర్వాత 1930ల్లో రైన్‌హార్డ్ స్ట్రౌమాన్ ఈ కుటుంబంలోనే బెరీలియం కలిపి, మరింత గట్టిగా, తుప్పుకు లొంగకుండా ఉండే నివారాక్స్ స్ప్రింగును తెచ్చాడు. 20వ శతాబ్దం రెండో సగంలో వచ్చిన కీ వాచీలు దాదాపు అన్నింటిలోనూ కొట్టుకున్నది ఈ కుటుంబానికి చెందిన స్ప్రింగే.

1920లో ఆ బహుమతి

గియోమ్ 1915లో సంస్థకు డైరెక్టరు అయ్యాడు. బయట మొదటి ప్రపంచ యుద్ధం. ఒకరినొకరు చంపుకుంటున్న దేశాలు ఉమ్మడిగా పెట్టుకున్న కొలబద్ద మాత్రం పారిస్ శివార్లలో, తటస్థ దేశంలో పుట్టిన మనిషి సంరక్షణలో ఉంది.

యుద్ధం ముగిశాక 1920 నోబెల్ ఆయనకు వచ్చింది. నికెల్ ఉక్కుల్లో విపరీత గుణాలను కనిపెట్టి, భౌతికశాస్త్రంలో ఖచ్చితమైన కొలతలకు చేసిన సేవకు ఆ గౌరవం. అంతకు ఏడాది ముందే సూర్యగ్రహణం ఫోటోలతో ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం ప్రపంచమంతా మారుమోగింది. ఆ వెలుగులో వాచీ స్ప్రింగు లోహానికి భౌతికశాస్త్ర బహుమతి ఏమిటన్న ఆశ్చర్యం నేటికీ వినిపిస్తుంది. నోబెల్ సంఘం జాగ్రత్తపడి పాత తరహా ప్రయోగానికి ఓటు వేసిందన్న విమర్శా ఉంది.

ఆ విమర్శలో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఐన్‌స్టీన్‌కు ఇవ్వకపోవడం సంఘం చేసిన పొరపాటు, గియోమ్ లోపం కాదు. ఎందుకలా జరుగుతుందో ఆయన చెప్పలేకపోయిన మాట కూడా నిజమే. ఇన్వార్ ఎందుకు సాగదన్న ప్రశ్నకు జవాబు లోహంలోని అయస్కాంత గుణంలో ఉందని తర్వాతి తరాలు తేల్చాయి. వేడికి అణువులు దూరం జరగాలని చూస్తే, అదే వేడికి సడలే అయస్కాంతపు అమరిక వాటిని దగ్గరికి లాగుతుంది. రెండూ సరికి సరి కొట్టుకుంటాయి. పూర్తి వివరాలమీద భౌతికవేత్తలు చాలాకాలం తర్కించారు. గియోమ్ చేసింది సిద్ధాంతం కాదు. అక్కడ సిద్ధాంతం అవసరమన్నంత పెద్ద వింత ఉందని, సందేహానికి తావు లేకుండా కొలిచి చూపడం.

మణికట్టు దాకా

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ మనుషులు అక్కడికి చేరారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అనేకం. పొలంలో పొద్దును బట్టి పనిచేసిన మనిషికి ఉక్కు ఊళ్లో పొద్దుతో పనిలేదు. ఫర్నేసు ఆగదు. మూడు షిఫ్టులు. పగలు నిద్రపోయి రాత్రి బయలుదేరేవాడికి కోడికూత, నడినెత్తి సూర్యుడు పనికిరావు. చేతికి గడియారం ఉండాలి.

1961లో హెచ్‌ఎంటీ సంస్థ జపాన్ సిటిజెన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో కీ ఇచ్చే హెచ్‌ఎంటీ వాచీ పెళ్లి కానుకగా, మొదటి జీతం గుర్తుగా దేశమంతా తిరిగింది. అది ధనవంతుడి వస్తువు కాదు. తెగ్గోసిన అంచు, డజనుకు పైగా మరలు, రోజుల తరబడి సరిచేసే నిపుణుడు అవసరమైతే ఆ ధరకు ఆ వాచీ వచ్చేదే కాదు. వేడిని ఎదుర్కొనే పని మనిషి వేళ్ల నుంచి కొలిమికి మారింది కనుకనే వచ్చింది.

ఆ మార్పుకు మూల్యం లేకపోలేదు. మరలు జరిపి కాలాన్ని సరిచేసే నిపుణుల పని క్రమంగా పోటీ వాచీలకు పరిమితమై, తర్వాత దాదాపు అంతరించింది. గడియారాల ఇంట్లో పుట్టిన మనిషి కనుగొన్న లోహమే ఆ ఇంటి విద్యలో ఒక అధ్యాయాన్ని మూసేసింది. అయితే పొందినవాళ్ల సంఖ్య పోగొట్టుకున్నవాళ్లకన్నా ఎన్నో వేల రెట్లు. వాళ్లలో ఎవరూ గియోమ్ పేరు వినలేదు.

రిపేరు షాపు పనీ ఆ మేరకు తేలికైంది. ఉక్కు ఊళ్లో వాచీకి శత్రువులు చాలానే మిగిలాయి. ఖనిజపు ధూళి, చెమట, నూనె ఆవిరి. అన్నిటికీ మించి, ఇనుమును ఎత్తే క్రేన్ల విద్యుదయస్కాంతాలు. గియోమ్ లోహం వేడికి లొంగకపోయినా అయస్కాంతానికి పూర్తిగా తప్పించుకోలేదు. చుట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే వాచీ పరుగెత్తుతుంది. దాన్ని కాయిల్‌లో పెట్టి అయస్కాంతం దించాలి. కడగాలి, నూనె వేయాలి, వేగం సూచించే చిన్న ముల్లును పిసరంత జరపాలి. కానీ చలికాలానికి ఒకసారి, ఎండాకాలానికి ఒకసారి ఆ ముల్లు జరపమని ఎవరూ వాచీ పట్టుకుని రావాల్సిన అవసరం లేకపోయింది.

మిగిలినది

గియోమ్ 1936లో పదవి విరమించి, 1938లో సెవ్ర్‌లోనే కన్నుమూశాడు. ఆయన జీవితమంతా కాపాడిన ప్లాటినం మీటరుకు 1960లో సెలవిచ్చారు. మీటరును కాంతి తరంగాల లెక్కలో చెప్పడం మొదలైంది. లీటరు నీటి ఘనపరిమాణం వెయ్యి ఘన సెంటీమీటర్లకన్నా కించిత్తు ఎక్కువని ఆయన ఎంతో ఓపికగా తేల్చిన తేడాను, 1964లో లీటరు నిర్వచనాన్నే మార్చి తీసేశారు. క్వార్ట్జ్ వాచీ 1969లో వచ్చింది. దాని దెబ్బకు కీ వాచీల పరిశ్రమ కుదేలైంది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది.

ఆయన ఉద్యోగరీత్యా కాపలా కాసిన కొలతలన్నీ ఇలా ఒక్కొక్కటే చరిత్రలోకి వెళ్లిపోయాయి. చవక కొలబద్ద కోసం వెతుకుతుంటే పక్కన దొరికి, కొలబద్దకు పనికిరాకుండా పోయిన లోహం మాత్రం ఉండిపోయింది. ద్రవీకరించిన సహజవాయువును మోసే ఓడల ట్యాంకుల్లో నేడు ఇన్వార్ రేకులు వాడతారు. సొరుగులో పడి ఉన్న పాత కీ వాచీని ఎవరైనా తీసి సర్వీసింగుకు ఇస్తే, పాత నూనె కడిగేశాక మళ్లీ కొట్టుకునేది ఆ కుటుంబపు స్ప్రింగే. నూనె ఎండిపోతుంది, ఇరుసు అరుగుతుంది, గాజు గీతలు పడుతుంది. అవన్నీ మార్చుకోవచ్చు. చెడిపోనంతవరకూ ఆ స్ప్రింగు జోలికి మాత్రం ఎవరూ పోరు.